కునుకెరగని తౌరికి

నడిసముద్రంలో వైరోవా అనే చిన్న దీవిలో తౌరికి అనే నావికుడు ఉండేవాడు. అలల సంగతీ చుక్కల సంగతీ అతనికి తెలిసినట్టు మరొకరికి తెలియదు గానీ, "అలసిపోయాను" అన్న మాట మాత్రం అతని నోటివెంట చచ్చినా వచ్చేది కాదు.

ఆ దీవుల వాళ్లకి దిక్సూచి లేదు, పటం లేదు. రెండు పొడుగాటి దోనెల్ని పక్కపక్కన పెట్టి, మధ్యలో బల్లలు పరిచి, కొబ్బరిపీచు తాళ్లతో బిగించేవారు. చాప అల్లి తెరచాప కట్టేవారు. ఇక దారంతా ఒక్క మనిషి తలలోనే ఉండేది. ఆ మనిషిని దారిపెద్ద అనేవారు. ఏ చుక్క ఎక్కడ పొడిచింది, పెద్ద అల నావకి ఏ పక్క తగులుతోంది, గాలి ఎప్పుడు మళ్లింది, ఎంతసేపు ఎటు వచ్చాం, ఇదంతా దారిపెద్ద మనసులో తాడు పేనినట్టు పేనుకుంటూ పోవాలి. మధ్యలో ఒక్క పోగు జారిందా, ఆ తరవాత ఎంత పేనినా దండగే.

మనిషన్నాక నిద్ర రాకుండా ఉంటుందా? అందుకే పూర్వం పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. దారిపెద్ద కునుకు తీసేముందు ఇంకొకరి అరచేతిలో తన అరచెయ్యి పెట్టి, "దారి నీ చేతిలో పెడుతున్నాను" అనాలి. లేవగానే "దారి ఎటు పోయింది?" అని అడగాలి. అవతలివాళ్లు గాలి, అల, మబ్బు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాలి. దీనికి తోడు ఇంకో కట్టుబాటు ఉండేది. దారిపెద్ద అడగనిదే నావలో ఎవరూ దారి గురించి నోరెత్తకూడదు. "ఒక నావకి రెండు నోళ్లుంటే అడుగున చిల్లు పడ్డట్టే" అనేవారు. రెండూ మంచి కట్టుబాట్లే, రెండూ కలిసి ఉన్నంతకాలం.

మన తౌరికి రెండోదాన్ని గట్టిగా పట్టుకున్నాడు. మొదటిదాన్ని గాలికి వదిలేశాడు.

దానికీ ఒక కారణం ఉంది. కుర్రతనంలో ఒకసారి అతను నావని తీసుకొస్తుంటే, తోటివాళ్లంతా జబ్బుపడి మూలిగారు. దారి ఎవరి చేతిలోనూ పెట్టే వీలు లేక, కళ్లలో వత్తులు వేసుకుని ఇల్లు చేర్చాడు. ఒడ్డున ఆడవాళ్లు అతని మీద పాట కట్టారు. "కునుకెరగని తౌరికి, కునుకెరగని తౌరికి" అని చిన్నా పెద్దా అంతా పాడారు. ఆ పాట అతని చెవిలో అలా ఉండిపోయింది. అప్పటినుంచి నావ ఎక్కితే పడుకోవడం మానేశాడు. కూర్చున్నచోటే రెప్పపాటు తూగి, ఎవరూ చూడకముందే సర్దుకునేవాడు.

అతనికి విద్య నేర్పిన మేనమామ ఓటానా బతికి ఉన్నప్పుడే హెచ్చరించాడు.

"ఒరేయ్ అల్లుడూ, నిద్ర సముద్రపు పోటు లాంటిదిరా. ఎంత గోడ కట్టినా వచ్చే వేళకి వస్తుంది. వచ్చినప్పుడు చెప్పి పడుకో. లేచి అడుగు. అంతే."

"నాకు రాదు మామా," అన్నాడు తౌరికి.

"ఆ మాట చేపలు కూడా అనవు," అన్నాడు ఓటానా. కొన్నాళ్లకి ఆయన పోయాడు.

ఒక ఏడు పెద్ద తుఫాను వచ్చి, దీవిలో సీమపనస చెట్లన్నిటినీ వేళ్లతో సహా పెళ్లగించేసింది. అక్కడి వాళ్లకి సీమపనసే అన్నం. కాచే కాలంలో కాల్చుకు తినేవారు. మిగిలినవాటిని ఆకులు పరిచిన గోతుల్లో పూడ్చి పులియబెట్టి, కాపు లేని కాలంలో తవ్వుకుని తినేవారు. చెట్లు పోయాక ఆ గోతులే దిక్కయ్యాయి. చేపలు ఉన్నాయి, కొబ్బరి ఉంది. అయినా గోతుల్లో పిండి లేకపోతే దీవికంతటికీ కడుపు నిండదు. తౌరికి చిన్నకూతురు ఫియా రోజూ వెళ్లి గోతిలోకి తొంగిచూసి వచ్చేది.

"అమ్మా, అడుగు కనబడుతోందే," అనేది.

దీవికి పెద్ద నానై అనే ముసలావిడ. ఆవిడ తౌరికిని పిలిపించింది.

"తూర్పున హెనూమా దీవిలో మన చుట్టాలున్నారు నాయనా. వాళ్ల చెట్ల వేళ్ల దగ్గర పిలకలు వేస్తాయి. అవి తెచ్చి నాటుకుంటే కొన్నేళ్లకి కాపుకొస్తాయి. ఆ నమ్మకం ఉంటే ఎలాగో ఆకలి ఓర్చుకోవచ్చు. పిలకలు రాకపోతే మాత్రం ఇక్కడ అందరికీ తిండి ఉండదు. ఇళ్లు విడిచి పోవాల్సిందే. తెచ్చేవాడివి నువ్వే."

"తెస్తాను అవ్వా," అన్నాడు తౌరికి.

అతని వెంట భార్య లుపేనా బయల్దేరింది. పిలకల్ని బతికించడం ఆవిడకి బాగా తెలుసు. చుక్కాని పట్టడానికి లుపేనా తమ్ముడు మాహు వచ్చాడు. తెరచాప తాళ్లు చూడ్డానికి రెపో అనే పెద్దాయన, ఇంకా కొందరు మనుషులు వచ్చారు. హెనూమా చేరడం బాగానే చేరారు. చుట్టాలు కన్నీళ్లు పెట్టుకుని, కడుపునిండా పెట్టి, గంపలకొద్దీ పిలకలు తవ్వి ఇచ్చారు. లుపేనా ఒక్కో పిలకకీ తడి కొబ్బరిపీచు చుట్టి, అరటాకు కట్టి, గంపల్లో నిలబెట్టింది.

పిలకలతో ప్రయాణం పసిపిల్లల్ని మోసుకెళ్లడం కన్నా కష్టం. ఉప్పునీటి తుంపర పడితే చస్తాయి. మంచినీళ్లు తగ్గితే చస్తాయి. సొరబుర్రల్లో ఉన్న నీళ్లలో సగం మనుషులవి, సగం వాటివి.

"చూశావా బావా," అన్నాడు మాహు. "దాహం అంటే అక్క నాకు అరచిప్ప పోసింది. వాటికి మాత్రం అడక్కుండానే నిండు చిప్ప."

"నువ్వు నాలుగేళ్లలో కాపుకొస్తావా?" అంది లుపేనా.

"నాకింకా పెళ్లీ పెటాకులూ లేవు. ఎలా వస్తానే?"

నావలో అందరూ నవ్వారు. తౌరికి కూడా నవ్వాడు. ఇంటి దారి అంతా పడమరకే. వెనకనుంచి తూర్పుగాలి, వెనకనుంచే పెద్ద అల. చెడిపోవడానికి ఏమీ లేదనిపించింది.

కానీ సముద్రం ఊరుకోలేదు. గాలి రాత్రుళ్లు వెర్రెత్తింది. చిన్న అలలు అడ్డదిడ్డంగా లేచి, పెద్ద అల ఏదో తెలియకుండా చేశాయి. తౌరికి దోనె అడుగున వెల్లకిలా పడుకుని, ఒంటితో ఆ అల కోసం వెతుక్కున్నాడు. మళ్లీ లేచి నావ వెనక, పైకి లేచిన కొమ్ము దగ్గర తన చాప మీద కూర్చున్నాడు. ఒక రాత్రి కాదు, రెండు కాదు. కళ్లు ఉప్పుతో మండి చింతనిప్పులయ్యాయి. మాట్లాడుతుంటే మాట మధ్యలో ఏం చెబుతున్నాడో మరిచిపోయేవాడు. ఒళ్లు తనది కానట్టు ఉండేది.

లుపేనా వచ్చి పక్కన కూర్చుంది.

"ఏమయ్యా, కాసేపు నడుం వాల్చు. దారి మాహు చేతిలో పెట్టు."

"వాడి చేతిలోనా? వాడికి చుక్కాని పట్టడం వచ్చు. దారి పట్టడం రాదు."

"చెబితే వస్తుంది."

"చెప్పేటప్పుడు చెబుతాలే. నాకేం అలసట? రాయిలా ఉన్నాను."

"రాళ్లకి కళ్లు ఎర్రబడవు," అంది లుపేనా.

మాహు చుక్కాని దగ్గర్నుంచే ఇదంతా విన్నాడు. "నేర్పకు బావా, నేర్పకు. నేర్చుకుంటే నీలాగే నా నిద్ర కూడా పోతుంది," అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనేవాడితో ఎవరు వాదిస్తారు? లుపేనా లేచి గంపల దగ్గరికి వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నానికి గాలి తగ్గింది. సముద్రం సర్దుకుంది. ఎండ వెచ్చగా వీపుకి తగిలింది. తౌరికి కొమ్ముకి ఆనుకుని కూర్చున్నాడు. పడుకోవడం లేదు, ఊరికే ఆనుకున్నానంతే అనుకున్నాడు. కళ్లు మూయడం లేదు, మంట తగ్గడానికి రెప్పలు కాస్త వాల్చానంతే అనుకున్నాడు. ఆ తరవాత అతను ఏమీ అనుకోలేదు.

మెలకువ వచ్చేసరికి ఒళ్లంతా తడిసి ఉంది.

ఎండ లేదు. ఆకాశం ఈ చివరినుంచి ఆ చివరిదాకా మూసుకుపోయి ఉంది. సూర్యుడు ఎక్కడున్నాడో తెలియదు. ఎంతసేపైందో తెలియదు. తెరచాప నిండుగానే ఉంది. మాహు చుక్కాని పట్టుకుని ఏదో కూనిరాగం తీస్తున్నాడు. అల వెనకనుంచే తగులుతోంది. అంతా ఎప్పటిలాగే ఉంది.

తుంపర పడిందేమోలే అనుకుని తౌరికి మూతి తుడుచుకున్నాడు. పెదవి మీద నీళ్లు నాలిక్కి తగిలాయి. ఉప్పగా లేవు.

అవి వాన నీళ్లు. అంటే తను నిద్రపోతుండగా గాలివాన వచ్చి వెళ్లింది. గాలివాన వస్తే నావని ఏదో ఒకటి చేసి ఉంటారు. నిలిపారా? తిప్పారా? ఎటు తిప్పారు? ఎంతసేపు? పేనుతున్న తాడు చేతిలోంచి జారిపోయింది.

అడిగితే అయిపోయేది. ఒక్క మాట. చుక్కాని పట్టినవాడు చేతికందే దూరంలో ఉన్నాడు. "దారి ఎటు పోయింది?" అంటే చాలు. కానీ ఆ మాట అడిగితే నిద్రపోయినట్టు ఒప్పుకున్నట్టే. అదీ, దారి ఎవరి చేతిలోనూ పెట్టకుండా నిద్రపోయినట్టు. ఒడ్డున పాట ఏమవుతుంది? అడగందే అమ్మయినా పెట్టదంటారు. తౌరికి అడగలేదు.

"నేనైతే ఏం చేసేవాణ్ణి?" అని ఆలోచించాడు. "తెరచాప దించేవాణ్ణి. నావ మూతి గాలికెదురు పెట్టి, వాన దాటేదాకా ఉన్నచోటే నిలిపేవాణ్ణి. మాహు కూడా అదే చేసుంటాడు. అంతకన్నా వాడికేం తెలుసు?"

ఆ ఊహని పట్టుకుని తెగిన తాడుని ముడేసుకున్నాడు.

లుపేనా చిప్పతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. అతను తాగేదాకా నిలబడింది. తరవాత కూడా కదల్లేదు.

"ఏమైనా అడగాలా?" అంది.

"ఏం అడగాలి?"

"ఏమో. లేచాక అడిగేవి ఉంటాయిగా."

"ఎవరు లేచారు? పడుకుంటే కదా లేవడానికి!" అన్నాడు తౌరికి, కాస్త గట్టిగానే.

లుపేనా అతని మొహంలోకి చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడకి తెలియనిదేముంది? అతను కళ్లు సగం తెరుచుకుని నిద్రపోతాడనీ తెలుసు. అబద్ధం చెప్పేటప్పుడు గొంతు పెంచుతాడనీ తెలుసు. కానీ దారి గురించి అడగనిదే చెప్పకూడదు. తల్లి నేర్పిన కట్టుబాటు, తల్లికి అమ్మమ్మ నేర్పినది. ఆవిడ చిప్ప తీసుకుని వెళ్లిపోయింది.

ఆకాశం తెరుచుకోలేదు. రాత్రుళ్లు ఒక్క చుక్క కనబడలేదు. అల మాత్రమే దిక్కు. తౌరికి నావని పడమరకే పోనిచ్చాడు. అతని లెక్క ప్రకారం ఈపాటికి తెల్ల సముద్రపు పిట్టలు కనబడాలి. అవి పొద్దున దీవినుంచి వేటకొచ్చి, సాయంత్రం గూటికి మళ్లుతాయి. వాటి వెంట పోతే ఇల్లే. ఆ సాయంత్రం ఒక్క పిట్ట రాలేదు.

"రేపు వస్తాయి," అన్నాడు తౌరికి.

మర్నాడూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మాహు వేళాకోళాలు మానేశాడు. రెపో తెరచాప తాళ్లు పట్టుకుని నీళ్ల మీదికి చూస్తూ కూర్చునేవాడు. ఎవరూ ఏమీ అడగలేదు. అడగకూడదు కదా! అందరూ తౌరికి మొహం చూసేవారు, తౌరికి సముద్రం మొహం చూసేవాడు. సొరబుర్రలు ఒకటొకటే ఊగితే ఖాళీ చప్పుడు చెయ్యడం మొదలుపెట్టాయి.

పిలకలు వాడసాగాయి. ముందు చివరి గంపలో ఆకులు వేలాడాయి. తరవాత పక్క గంప. లుపేనా చచ్చినవాటిని తీసి నీళ్లలోకి వదిలింది. వదిలినప్పుడల్లా ఏదో గొణుక్కునేది. తౌరికి తన వంతు నీళ్లు తాగడం మానేసి, చిప్పని గంపల దగ్గరికి పంపేవాడు. పాపం, దాహం ఓర్చుకున్నాడు. నిద్ర ఓర్చుకున్నాడు. అడగడం ఒక్కటే ఓర్చుకోలేకపోయాడు.

ఒకనాటి పొద్దున లుపేనా గంపల దగ్గర్నుంచి లేవబోయి, కాళ్లు తేలిపోయి కూలబడింది. మాహు చుక్కాని రెపోకి ఇచ్చి పరిగెత్తాడు. చూస్తే ఆవిడ పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. ఆవిడ కూడా తన వంతు తాగడం లేదు. మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు అదే పని చేస్తున్నారు.

తౌరికి ఆవిడ తల ఒళ్లో పెట్టుకున్నాడు. "నీళ్లు తాగు. ఇది నా మాట. ఇకనుంచి గంపలకి నీళ్లు ఆపేద్దాం. మనుషులు బతకాలి," అన్నాడు.

లుపేనా కళ్లు తెరిచింది. ఆవిడకి కోపం వచ్చింది. కోపంతోపాటు ఏడుపూ వచ్చింది.

"ఆపేసి? ఉత్తచేతుల్తో వెళ్లి ఆ పిల్లదానికి ఏం పెడతావు? కునుకెరగని తౌరికి అన్న పేరుంది కదా, అది ఉడకేసి పెడతావా?"

ఆవిడ దారి గురించి ఒక్క మాట అనలేదు, కట్టుబాటు దాటలేదు. అయినా తౌరికికి అంతా అర్థమైంది. తను నిద్రపోయాడని ఈవిడకి తెలుసు. మొదటినుంచీ తెలుసు. తను అడుగుతాడని ఇన్నాళ్లూ కనిపెట్టుకుని కూర్చుంది.

అతనికి ఒక్కసారిగా ఒళ్లంతా అలసట తెలిసింది. ఈ ప్రయాణంలోది మాత్రమే కాదు, కుర్రతనం నుంచీ కూడబెట్టుకున్న అలసటంతా. ఇన్నాళ్లూ ఆపుకున్న మాట బయటికొచ్చింది.

"మాహూ, నేను నిద్రపోయాను."

"ఎప్పుడు బావా?"

"వాన పడ్డప్పుడు. దారి ఎవరి చేతిలోనూ పెట్టకుండా నిద్రపోయాను. లేచి అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. దారి ఎటు పోయింది?"

మాహు నోరు తెరిచాడు. "నిద్రా? నేను నీ వంక చూశానే! కళ్లు తెరిచే ఉన్నావు. గాలివాన ఉత్తరంనుంచి మీదపడింది. ఎదురు నిలబెడదామా అనుకున్నాను. నిలబెడితే ఉప్పునీళ్లు ఎగిరి గంపల్లో పడతాయి, అక్క నన్ను బతకనిస్తుందా? అందుకని గాలి వెంట దక్షిణానికి వదిలేద్దామా అని నీ వంక చూశాను. తల ఊపావు బావా!"

"తూగాను," అన్నాడు తౌరికి.

"నేను సరే అన్నావనుకున్నా."

"ఎంతసేపు పోయాం దక్షిణానికి?"

ఇప్పుడు అడిగాడు కాబట్టి అందరికీ నోళ్లు వచ్చాయి. రెపో చెప్పాడు: "తాళ్లు పట్టుకుని, గాలివానలో పాడే పెద్ద పాట పాడాం నాయనా. మొదటినుంచి చివరిదాకా పాడి, మళ్లీ ఎత్తుకుని సగం పాడేసరికి గాలి విడిచింది." లుపేనా పడుకునే చెప్పింది: "గంపల మీద చాప కప్పి పట్టుకు కూర్చున్నాను. చేతులు తిమ్మిరెక్కి, వదిలి, మళ్లీ ఎక్కాయి. వాన తక్కువే, గాలే ఎక్కువ. నావ పరిగెత్తింది." మాహు, గాలి విడిచాక మళ్లీ అలని వెనక పెట్టుకుని పడమరకి తిప్పానని చెప్పాడు.

తౌరికి కళ్లు మూసుకుని విన్నాడు. తెగిన పోగు ఒక్కో మాటతో ఒక్కో మెలిక పడి అతుక్కుంది. ఇల్లు తమకి ఉత్తరాన ఉండిపోయింది. అంతే కాదు, ఇంటి పక్కనుంచి దాటి ముందుకొచ్చేశారు కూడా. అడక్కుండా గడిపిన రోజులన్నీ ఇంటికి దూరంగా వేసిన అడుగులే.

"ఉత్తరానికి తిప్పు. కాస్త తూర్పుకి మొగ్గు. పెద్ద అల కుడి చెంపకి తగులుతుండాలి, మూతికి కాదు," అన్నాడు.

తరవాత తౌరికి తన అరచెయ్యి చాపాడు. మాహు అర్థంకాక చూశాడు.

"చెయ్యివ్వు. దారి నీ చేతిలో పెడుతున్నాను."

"నాకు రాదన్నావుగా బావా?"

"పిలకల కోసం నావని తిప్పాలని నాకే తోచలేదు. నీకు తోచింది. పట్టుకో."

మాహు రెండు చేతుల్తో ఆ చెయ్యి పట్టుకున్నాడు. తౌరికి ఇంకేదో చెప్పబోయాడు. మాట పూర్తికాకముందే చాప మీద ఒరిగిపోయి గురక పెట్టాడు. ఆ గురక విని, అన్ని రోజుల తరవాత నావలో ఎవరో నవ్వారు.

అలా దారిని చేతులు మార్చుకుంటూ కొన్ని రోజులు పోయారు. ఒకనాడు లేచేసరికి పొద్దు పడమటికి వాలుతోంది. తౌరికి కళ్లు నులుముకుని ముందుగా ఒకే మాట అడిగాడు.

"దారి ఎటు పోయింది?"

మాహు గడ్డంతో ముందుకి చూపించాడు. తెల్ల పిట్టలు రెండు, నీళ్లకి దగ్గరగా, ఎక్కడా ఆగకుండా, ఉత్తరానికి ఎగురుతున్నాయి.

"ఇంటికే పోయింది బావా," అన్నాడు. తౌరికి మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

ఇల్లు చేరారు. కానీ చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. గంపలకొద్దీ తెచ్చిన పిలకల్లో చివరికి ఒక్క గంప బతికింది. ఫియా పరిగెత్తుకొచ్చి ఆ గంపలోకి గోతిలోకి చూసినట్టే తొంగిచూసింది.

"ఇవేనా నాన్నా?" అంది.

ప్రయాణం అయ్యాక నావలోవాళ్లు ఊరందరి ముందూ దారిని పాటగా అప్పజెప్పడం ఆ దీవుల్లో ఆనవాయితీ. ఏ గాలి, ఏ అల, ఎక్కడ మలుపు, ఏదీ వదలకూడదు. రేపు ఆ దారిన పోయేవాళ్లకి ఆ పాటే పటం. తౌరికికి బదులు మాహు పాడాడు. బావ పరువు బావమరిదికి తెలియదా? గాలివాన దగ్గరికొచ్చేసరికి, "ఉత్తరపు గాలి వచ్చె, నావ దక్షిణానికి మళ్లె, దారి మరుగై తిరిగి దొరికె" అని చక్కగా దాటించేశాడు.

"ఆగు," అన్నాడు తౌరికి. "మధ్యలో ఒకటి మింగేశావు."

మాహు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మింగితే నీకేం పోయింది బావా?"

"నాకేం పోదు. రేపు ఈ పాట పట్టుకుని పోయేవాడికి పోతుంది. దారి దానంతట అదే మరుగైందనుకుంటాడు."

తౌరికి లేచి నిలబడ్డాడు. పాటలో ఆ చోట మూడు మాటలు చేర్చాడు. "ఇక్కడ తౌరికి నిద్రపోయె. ఇక్కడ తౌరికి అడగకపోయె. ఇక్కడ తౌరికి అడిగె."

జనం అంతా నానై వంక చూశారు. "పాటలో ఉంచండి," అంది ముసలావిడ.

ఒక్క గంప పిలకలు దీవికంతటికీ చాలవు. నానై ముందే చెప్పింది కదా! కొన్ని ఇళ్లవాళ్లు వైరోవా విడిచి హెనూమాకి పోక తప్పలేదు. ఎవరు పోవాలని పెద్దలు తర్జనభర్జన పడుతుంటే, "నేను ఒంటికాయ శొంఠికొమ్ముని, నాకేం?" అని మాహు ముందుకొచ్చాడు. లుపేనా తమ్ముణ్ణి పట్టుకుని బావురుమంది. వాళ్లని దింపి రావడానికి తౌరికే నావ ఎక్కాడు. దారిలో పొద్దెక్కి కళ్లు బరువెక్కగానే, మాహు దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు.

"అలసిపోయాను మాహూ. దారి నీ చేతిలో పెడుతున్నాను."

"ఈ మాట అప్పుడే అని ఉంటే," అన్నాడు మాహు. బావ చెయ్యి పట్టుకుని, అతను నిద్రపోయేదాకా వదల్లేదు.

కొన్నేళ్లకి వైరోవాలో చెట్లు కాపుకొచ్చాయి. కునుకెరగని తౌరికి పాట అప్పటికి ఎవరికీ గుర్తులేదు. ఫియా పెద్దదై పిల్లలు పుట్టాక, ఆ పిల్లలు మాత్రం హెనూమా దారిపాట నేర్చుకునేటప్పుడు, "ఇక్కడ తౌరికి అడగకపోయె" అన్నచోట ఆగేవారు. ఎందుకు ఆగారని అడిగితే, "అక్కడ అడగకపోబట్టే తాత మాహు తాతని హెనూమాకి పోగొట్టుకున్నాడు" అనేవారు.

అలసిపోవడం ఎవరికీ తప్పు కాదు. అలసిపోయానని ఒప్పుకోకుండా, తెలియనిది అడగకుండా, పేరు నిలుపుకోవాలని చూస్తే ఆ బరువు మనతోపాటు మనల్ని నమ్ముకున్నవాళ్లంతా మోయాల్సి వస్తుంది.